మేకు దిగని ముక్కలు

లేదుగారు పోయారన్న కబురు వినగానే కోతగాళ్ళలో సగంమంది నమ్మలేదు. ఆయన జన్మలో లేదన్నవాటిలో చాలావరకు ఉన్నవే. ఇదీ అలాంటిదే అయ్యుంటుందిలే అని వాళ్ళ ఆశ.

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకీ ఒకటుండేది. దుకాణం బోర్డు మీద రంగుల్లో రాయించారు కూడా. పొగపట్టి, వానకు తడిసి ఆ పేరు బోర్డు మీద నుంచీ పోయింది, జనం నోళ్ళలోంచీ పోయింది. లేదుగారు ఒక్కటే మిగిలింది. ఆయన పక్కనే ఆయన బావమరిది, జనం నోట అతని పేరు చూద్దాం. చెట్లు కోసే పాత గొలుసు రంపాలకి, తయారుచేసిన కంపెనీవాళ్ళు కూడా మరిచిపోయిన వాటి విడిభాగాలకి, ఆ చుట్టుపక్కల ఉన్న దుకాణం వాళ్ళిద్దరిదే.

బేరం ఎలా ఉండేదంటే, అడవిలో పని ఆగిపోయి, విరిగిన ముక్కని గుడ్డలో చుట్టుకుని ఒక కోతగాడు వచ్చేవాడు. బల్ల వెనక కూర్చున్న లేదుగారు ఆ గుడ్డ ముడి విప్పకముందే "లేదు" అనేవారు. ఆ మాట ఇంకా గాల్లో ఉండగానే లోపల్నించి, ఆకురాయి చప్పుడు మధ్యన, "చూద్దాం" అని వినిపించేది. ఒకరు చెంప మీద కొడితే ఇంకొకరు వీపు నిమిరినట్టు. ఆ రెండు మాటల మధ్య ఊగుతూ కోతగాడు వారం పోయాక మళ్ళీ వచ్చేవాడు, నెల పోయాక వచ్చేవాడు, పెళ్ళి చేసుకుని వచ్చేవాడు, నెత్తి నెరిశాక వచ్చేవాడు.

ఉండి లేదనడం ఆయన పిసినారితనం కాదు. దానికో సూత్రం ఉంది. ఏ భాగమైనా రెండుంటే ఒకటి అమ్మేవారు. ఒక్కటే మిగిలితే దాన్ని లోపలివైపు, వచ్చినవాళ్ళకి కనపడని గోడకున్న మేకుకి తగిలించేవారు. మేకెక్కిన ముక్క ఇక దిగేది కాదు. ఏళ్ళు గడిచేకొద్దీ రెండున్నవన్నీ ఒకటయ్యాయి, ఒకటైనవన్నీ గోడెక్కాయి. చివరికి ఆ గదిలో లేని భాగమంటూ లేదు, అమ్మే భాగమంటూ లేదు. ఎక్కడా దొరకనివి ఇక్కడ దొరుకుతాయని దూరాభారం పడి వచ్చేవాళ్ళకి, అవి ఎక్కడా దొరక్కుండా పోవడానికి ఆ గోడే కారణమని తట్టనే లేదు. రంపపు పళ్ళు పదును పెట్టడానికీ, చిన్నాచితకా మరమ్మతులకీ బావమరిది చెయ్యి ఆడుతుండేది కాబట్టి ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఇదంతా చూస్తూ బతికింది అక్కగారు. లేదుగారి భార్య, చూద్దాంకి తోడబుట్టిన అక్క. తమ్ముడు అక్కా అని పిలవడం విని కోతగాళ్ళందరూ అదే అందుకున్నారు. ఆవిడ కన్నా పెద్దవాళ్ళు కూడా అక్కగారనే అనేవారు. ఒకసారి ఆవిడ మొగుణ్ణి అడిగింది కూడా, ఇంతమందిని ఉసూరుమనిపించడం ఎందుకండీ, ఒకటి ఇచ్చేస్తే పోదా అని. ఆయన చాలాసేపు ఆలోచించి, "ఇచ్చేయొచ్చు. తర్వాత ఆ ఖాళీ మేకు నన్ను చూస్తున్నట్టుంటుందే" అన్నారు. ఆ మాటకి ఆవిడకి నవ్వొచ్చింది, జాలి వేసింది. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు.

ఆ అలవాటే ఆయన్ని తీసుకుపోయింది. ఆసుపత్రిలో డాక్టరు నొప్పి ఉందా అంటే లేదన్నారు. ఆయాసం ఉందా అంటే లేదన్నారు. చదువుకున్న డాక్టరు కాబట్టి నమ్మి ఇంటికి పంపేశాడు. దుకాణానికొచ్చే కోతగాడైతే నమ్మేవాడా?

ఇక అక్కగారి సంగతి. దుకాణం కిందగది, కాపురం మేడమీద. రెంటికీ మధ్య చెక్కమెట్లు. మెట్లని పేరేగానీ నిచ్చెనకి అన్నగారు. ఆవిడ మోకాళ్ళు ఎప్పుడో మొరాయించాయి. మెట్లెక్కడం మానేయమ్మా అని డాక్టరు చెప్పాడు. మానేస్తే ఎక్కడ పడుకోవాలో చెప్పలేదు. మొగుడున్నన్నాళ్ళు ఆయన వెనక నుంచి నెట్టేవారు, ఆవిడ ముందు నుంచి తిట్టేది, ఎలాగోలా రాత్రికి మంచం చేరేవారు. ఇప్పుడు నెట్టే చెయ్యి లేదు. మనిషి పోయిన దుఃఖం ఉండనే ఉంది. దాన్ని మోసుకుంటూ మెట్లెక్కడమే ఆవిడ వల్ల కావడం లేదు.

అందుకని ఒకరోజు పొద్దున తమ్ముణ్ణి పిలిచింది.

"ఆ కిందగది ఖాళీ చేయించరా. నా మంచం దించుకుంటాను."

"చూద్దాం అక్కా."

"నేను నీ కోతగాణ్ణి కాదురా, అక్కని."

"అక్కవి కాబట్టే చూద్దామన్నా. బావ నింపిన గోడ అది. చెయ్యి వెయ్యాలంటే వణుకొస్తోంది."

"నాకు మెట్టు మీద కాలు వెయ్యాలంటే వస్తోంది వణుకు. నీ వణుకు గొప్పదా, నాది గొప్పదా?"

"ముందు ఆ సంస్మరణ సభ కానీ అక్కా. కోతగాళ్ళ సంఘమంతా వస్తోంది. తర్వాత నీ మంచం సంగతి..." అని మిగతా మాట నోట్లోనే ఉంచుకుని జారుకున్నాడు.

సభ దుకాణం ముందే పెట్టారు. సన్నగా జల్లు పడుతోంది. పైన టార్పాలిన్ కట్టి, కింద కుర్చీలు వేశారు. సంఘం పెద్దని అందరూ మైకు అంటారు. ఆయనకి మైకు అక్కర్లేదు, ఆయన గొంతే మైకు. కొత్త రెయిన్‌కోటు వేసుకొచ్చి, జల్లు ఆగినా విప్పకుండా, గుండీలు మెడదాకా పెట్టుకుని నిలబడ్డాడు. అక్కగార్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆవిడకి ఎదురుగా తెరిచిన తలుపులోంచి ఆ గోడ కనిపిస్తోంది. నిలువునా అడ్డంగా మేకులు, మేకు మేకుకీ ఒక ముక్క. గోడకి ఆనుకుని, మంచం వేస్తే సరిగ్గా పట్టేంత జాగా. ఆవిడ సభలో కూర్చున్నంతసేపూ మనసులో మంచం వేసి చూసుకుంటూనే ఉంది. తలవైపు తలుపుకా, కాళ్ళవైపు తలుపుకా అన్నదొక్కటే ఇంకా తేలలేదు.

చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నట్టు, పొగడ్తలు మొదలయ్యాయి.

మొదట లేచినాయన కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు: "నా పెళ్ళికి ముందు ఓ స్టార్టర్ పుల్లీ అడిగాను. లేదన్నారు. నా కూతురి పెళ్ళికి ముందు మళ్ళీ అడిగాను. లేదన్నారు. ఒక్క మాట మీద అన్నేళ్ళు నిలబడిన మనిషిని నేనింకొకర్ని చూడలేదు."

అందరూ తలలూపారు.

తర్వాతాయన హోటలు యజమాని. "ఆయన నాకు కాయిల్ ఇవ్వలేదు కాబట్టే నేను కోత మానేసి హోటలు పెట్టుకున్నాను. ఇవాళ నాలుగు వేళ్ళు నోట్లోకి పోతున్నాయంటే ఆయన దయే. ఇచ్చుంటే నా గతేమయ్యేదో!"

మళ్ళీ తలలూగాయి. అక్కగారు తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు చాలా గంభీరంగా నేల చూస్తున్నాడు.

మూడోవాడు పుర్రచేతి ముసలాయన. ఒకప్పుడు అడవిలో ఆయన్ని మించిన కోతగాడు లేడు. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే మూడుసార్లు ఆగుతాడు. ఆయన మాట్లాడ్డానికి లేచి, తలుపులోంచి గోడకేసి చూసి, నోరు తెరిచి, అలాగే ఉండిపోయాడు.

"అది నా క్లచ్ డ్రమ్ము" అన్నాడు చివరికి.

అందరూ అటు తిరిగారు. పై వరసలో, చిన్న గిన్నె బోర్లించినట్టు, నల్లగా మెరుస్తూ ఉంది.

"దాని కోసం నేను తిరగని రోజు లేదు. లేదన్నారు. లోపల్నించి ఈయన చూద్దామన్నాడు. చూసీ చూసీ, ఇక లోకంలోనే లేదు కాబోలనుకుని, నా రంపాన్ని పాత ఇనపసామానువాళ్ళకి వేసేశాను. అలాంటి రంపం మళ్ళీ రాదు. నా చేతులతో నేనే తూకం మీద పెట్టాను."

చూద్దాం మొహం తెల్లబోయింది. ఇప్పుడు ఈయన తిడతాడు, తిడితే సభ సగంలో చెదురుతుంది, చెదిరితే గది ఖాళీ అవుతుంది అని అక్కగారికి ఎక్కడో ఒక చిన్న ఆశ లేచింది. మొగుణ్ణి తిడితే సంతోషించడమేమిటని వెంటనే దాన్ని అణిచేసింది గానీ అది పూర్తిగా అణగలేదు.

ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎంత దూరం ఆలోచించాడండీ ఆ మహానుభావుడు! నాకిచ్చుంటే ఈపాటికి దాన్ని అరగదీసి పారేసేవాణ్ణి. నా బారి నుంచి కాపాడాడు."

చప్పట్లు మోగిపోయాయి. అక్కగారికి నవ్వాగక చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని వెనకావిడ వీపు రాసింది.

ఆ ఊపులోనే మైకు లేచాడు. "సోదరులారా! ఇలాంటి గోడ ఇంకెక్కడైనా ఉందా? లేదు. కాబట్టి సంఘం తరపున నా ప్రతిపాదన ఏమిటంటే, ఈ గదిని ఈ రోజు నుంచి స్మారక మందిరం చేద్దాం. ఒక్క మేకు కదలకూడదు, ఒక్క ముక్క దిగకూడదు. తాళం వేసి, సంవత్సరానికోసారి తెరుద్దాం. దీనికి సంరక్షకుడిగా..." అని చెయ్యి చాపి, "మన చూద్దాంగారే ఉంటారు!"

చూద్దాంని జన్మలో ఎవరూ గారు అనలేదు. అతను చొక్కా కాలరు సర్దుకున్నాడు. అక్క వంక మాత్రం చూడలేదు.

మొగుడు బతికుండగా ఆ గదిలో కనీసం కుర్చీ వేసుకుని కూర్చునేది. చనిపోయాక అదీ లేకుండా పోయేట్టుంది. "బాబూ, నా మోకాళ్ళు..." అంది లేవబోతూ.

"మీ బాధ మాకు తెలియదా అక్కగారూ! మీరేమీ పట్టించుకోకండి. హాయిగా మేడమీద ఉండండి. కింద సంగతంతా మేం చూసుకుంటాం" అన్నాడు మైకు. మళ్ళీ చప్పట్లు. ఆ చప్పట్లలో ఆవిడ మోకాళ్ళు మునిగిపోయాయి.

ఇక తాళం వేయడానికి ముందు ఒక్క పని మిగిలింది. కోతగాళ్ళలో ఎవరు పోయినా వాళ్ళకో ఆచారం ఉంది. పోయినవాడి రంపాన్ని వాకిట్లో పెట్టి, పెట్రోలు పోసి, స్టార్ట్ చేసి, ట్యాంకు ఎండేదాకా మోగనిస్తారు. దాని చప్పుడు ఆగేదాకా అందరూ నిలబడాలి. అది ఆగితేనే ఆ మనిషి పని దిగినట్టు. లేకపోతే ఇంకా అడవిలోనే తిరుగుతున్నట్టు.

"లేదుగారి రంపం తీసుకురండి!" అన్నాడు మైకు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. లేదుగారికి మోగే రంపం లేదు. బల్లల కింద, అరల్లో రంపాలు బోలెడున్నాయి. ఒకదానికి కాయిల్ లేదు, ఒకదానికి పిస్టన్ లేదు, ఒకదానికి పట్టుకునే పిడే లేదు. లేనివన్నీ ఎదురుగా గోడ మీద ఉన్నాయి. ఇన్నేళ్ళు ఈ చేత్తో రంపంలోంచి లాగి ఆ చేత్తో మేకుకి తగిలించడంతోనే సరిపోయింది.

వెతగ్గా వెతగ్గా బల్ల కింద నుంచి ఒక పెద్ద ఎర్ర రంపం ఈడ్చుకొచ్చారు. అక్కగారి నాన్న ఈ దుకాణం తెరిచినప్పుడు కొన్నది అదే. చూద్దాం దాన్ని తిరగేసి, బోర్లించి, మూత విప్పి చూసి, "అన్నీ ఉన్నాయి. కార్బురేటర్లో రబ్బరు పొర ఒక్కటి లేదు" అన్నాడు. అరచేతిలో పట్టే పల్చటి పొర అది. అది ఊగుతుంటేనే పెట్రోలు లోపలికి వెళుతుంది. రంపానికి అదే ఊపిరి.

"ఉంది" అంది అక్కగారు. "కింద వరస చివర, కాగితం పొట్లంలో."

అందరూ ఆ పొట్లం వంక చూశారు. తర్వాత ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"అది చివరి ముక్క కదా అక్కగారూ" అన్నాడు పుర్రచేతి ముసలాయన, గొంతు తగ్గించి.

"చివరి ముక్క అమ్మకూడదన్నారు గానీ వాడకూడదన్లేదుగా?" అని ఒకాయన.

"వాడితే అరుగుతుంది. అరిగితే అమ్మినట్టే."

"ఆయన కోసం ఆయన ముక్క వాడితే తప్పేంటయ్యా?"

"ఆయనుంటే ఇచ్చేవారా? అది చెప్పు ముందు."

"ఆయనుంటే ఈ సభే లేదు కదా!"

వాదన ముదిరింది. మైకు ఒక ఉపసంఘం వేద్దామన్నాడు. అది తేలేలోపు తనకి ఇంకో మోకాలు పోతుందని అక్కగారికి అర్థమైంది. లేచి, ఒక్కో అడుగూ వేసుకుంటూ లోపలికెళ్ళి, మొగుడు వాడే కొక్కెం కర్ర తీసుకుని, పొట్లాన్ని మేకు మీద నుంచి దించింది. ఆవిడ పొట్లం విప్పి, పొరని రెండు వేళ్ళతో పట్టుకుంది. పట్టుకోగానే అది ఎండుటాకులా ముక్కలైపోయింది.

"అయ్యయ్యో! కాస్త జాగ్రత్తగా తియ్యాల్సింది అక్కగారూ!" అన్నాడు మైకు.

"జాగ్రత్తపడబట్టే ఇలా అయింది బాబూ" అంది ఆవిడ.

ఒకాయన మెల్లగా వెళ్ళి పక్క మేకుకున్న స్టార్టర్ తాడు తాకాడు. అది పొడిపొడిగా రాలింది. ఇంకొకాయన ఒక గాస్కెట్టు వేలితో తడితే విరిగి కిందపడింది. ఇనుపవి ఇనుములాగే ఉన్నాయి గానీ మెత్తనివన్నీ ఎప్పుడో చచ్చిపోయి, మేకుని పట్టుకుని వేలాడుతున్నాయి.

"ఈ దుకాణం మా నాన్నది" అంది అక్కగారు, కర్రకి ఆనుకుని. "మంచాన పడ్డప్పుడు అల్లుణ్ణీ కొడుకునీ పిలిచి ఓ మాట చెప్పాడు. చివరి ముక్క అమ్మకండిరా, దాన్ని చూసి ఇంకోటి చేసుకోవచ్చు అని. నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. మీ లేదుగారు మాటలో మొదటి సగం పట్టుకున్నారు. మిగతా సగం ఈ మహారాజుకి వచ్చింది. చేద్దామా అని ఎప్పుడడిగినా చూద్దామన్నాడు."

చూద్దాం చెవులు ఎర్రబడ్డాయి. అక్క అరచేతిలోంచి ముక్కల్ని తన అరచేతిలోకి తీసుకున్నాడు. మధ్యలో ఉండే చిన్న ఇత్తడి బిళ్ళ బాగానే ఉంది. ముక్కల్ని బల్ల మీద పెట్టి, చెదిరిన బొమ్మని కలిపినట్టు ఒకదాని పక్కన ఒకటి పేర్చాడు. తల ఎత్తి చుట్టూ చూశాడు. అతని చూపు మైకు మీద పడి, అక్కణ్ణించి జారి రెయిన్‌కోటు మీద ఆగింది.

"అయ్యా, అది లోపల రబ్బరు పూతదేనా?"

"అసలైన సరుకు" అన్నాడు మైకు గర్వంగా. అన్నాక వెనక్కి ఒకడుగు వేశాడు. "ఎందుకు?"

"ఓసారి ఇటివ్వండి."

"కొత్తదయ్యా!"

"సంఘం తరపున అనుకోండి" అన్నారెవరో వెనక నుంచి. పెద్దరికం అన్నాక కొన్ని కోల్పోవాలి. మైకు గుండీలు విప్పాడు. చూద్దాం కోటు అంచు కత్తిరించి, పేర్చిన ముక్కల మీద పెట్టి గీత గీసి, చిన్న కత్తెరతో గుండ్రంగా కోసి, చిల్లులు పొడిచి, మధ్యన ఇత్తడి బిళ్ళ బిగించాడు. జీవితమంతా చూద్దామన్న పనికి టీ చల్లారేంతసేపు పట్టింది.

ఎర్ర రంపాన్ని వాకిట్లో పెట్టారు. ఎవరో భక్తి ఎక్కువై ట్యాంకు అంచుదాకా నింపేశారు. చూద్దాం తాడు లాగాడు. దగ్గింది. మళ్ళీ లాగాడు. నల్లటి పొగ కక్కి చచ్చింది. మూడోసారి లాగేసరికి వీధి వీధంతా అదిరిపడింది. టార్పాలిన్ మీద నిలిచిన నీళ్ళు గడగడా వణికాయి. కోతగాళ్ళందరూ లేచి తలలు వంచారు.

వంచారు గానీ, అలాంటి రంపం పూర్తి ట్యాంకుతో ఎంతసేపు మోగుతుందో అందరూ మరిచిపోయారు. కాసేపటికి మెడలు నొప్పెట్టాయి. చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నారు. మైకు చివరి పలుకులు మొదలుపెట్టాడు గానీ, ఆయన నోరు కదలడమే తప్ప ఒక్క ముక్క వినిపించలేదు. ఆ సభలో తన మొగుడి గురించి ఎవరూ అబద్ధం చెప్పనిది ఈ కాస్తసేపే అనుకుంది అక్కగారు, ఈసారి నిజంగానే కళ్ళు తుడుచుకుంటూ.

అప్పుడు చూసింది పుర్రచేతి ముసలాయన్ని. ఆయన ఒక్కో అడుగే లోపలికి జరిగాడు. అటూ ఇటూ చూశాడు. కొక్కెం కర్రతో క్లచ్ డ్రమ్ముని దించి చొక్కా కిందకి తోసుకున్నాడు. తిరిగేసరికి ఎదురుగా అక్కగారు. దొంగ దొరికినట్టు నిలబడిపోయాడు. ఆవిడ తలూపింది.

ఆయన ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు: "రంపం లేదు, తెలుసు! ఊరికే! మా ఇంట్లోనూ ఓ మేకుంది!"

"తీసుకెళ్ళండి! ఇంకెవరికైనా కావాలేమో అడగండి!" అని ఆవిడా అరిచింది.

అడగనక్కర్లేకపోయింది. పెళ్ళికి ముందు పుల్లీ అడిగినాయన కళ్ళు తుడుచుకుంటూ లోపలికొచ్చి తిన్నగా తన పుల్లీ దగ్గరికే వెళ్ళాడు. హోటలాయన, హోటలు సంగతి మరిచిపోయి, కాయిల్ దించుకున్నాడు. ఎవరి ముక్క ఎక్కడుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. సభలో కూర్చున్నంతసేపూ తలుపులోంచి చూసిన గోడే. ఒకళ్ళు బయట తల వంచి నిలబడితే ఒకళ్ళు లోపల దించుకుని, మళ్ళీ వీళ్ళెళ్ళి నిలబడి వాళ్ళని పంపారు. మర్యాదకి ఎక్కడా లోటు రాలేదు. గొలుసులు, పళ్ళచక్రాలు, గాలి మూతలు జేబుల్లోకి, సంచుల్లోకి, టోపీల్లోకి దిగిపోయాయి. మొండి రంపాల్ని కూడా భుజాన వేసుకుని కదిలారు.

మైకు సంగతి గ్రహించేసరికి స్మారకం సగం గడప దాటింది. రెండు చేతులూ ఎత్తి అరిచాడు. ఇన్నాళ్ళూ ఊరంతా విన్న గొంతు, ఒక్కరికీ వినిపించలేదు. కాసేపు అరిచి, చేసేదిలేక, కత్తిరించిన కోటు తొడుక్కుని, తనూ లోపలికెళ్ళి ఒక స్పార్క్ ప్లగ్గు తీసుకున్నాడు.

గోడ బోసిపోయింది. అక్కగారు తమ్ముడి భుజం మీద తట్టి, వేలు మేడ మీదకి చూపించింది. అతను చూసి, నోరు తెరవబోయాడు.

"చూసింది చాలు. దించు!" అంది. రంపం హోరులో ఆ మాట వినపడిందో, మొహం చూసే తెలిసిందో, నలుగుర్ని వెంటేసుకుని మెట్లెక్కాడు.

మంచం సగం దూరం బాగానే వచ్చింది. మలుపు దగ్గర ఇరుక్కుంది. ఆ మంచాన్ని లేదుగారు మేడమీదే చేయించారు. దాని కింద సామాన్ల పెట్టెలు పట్టాలని కోళ్ళు నడుమెత్తు పెట్టించారు. ఆ కోళ్ళే ఇప్పుడు గోడకి ఒకటి, మెట్ల పక్క చేతిబద్దకి ఒకటి తన్నిపెట్టి కదలనంటున్నాయి. పైన ఇద్దరు, కింద ఇద్దరు, మధ్యలో మంచం, మెట్ల మొదట్లో దారి చెబుతూ చూద్దాం. మోసేవాళ్ళు ఎటూ పోలేరు.

వాకిట్లో ఎర్ర రంపం ఇంకా మోగుతూనే ఉంది.

అక్కగారు రంపం వంక చూసింది. మంచం కోళ్ళ వంక చూసింది. తర్వాత తమ్ముడి వంక చూసి, చేత్తో అడ్డంగా కోస్తున్నట్టు సైగ చేసింది. అతను కళ్ళు పెద్దవి చేశాడు. బావ మంచం, బావ రంపం, బావ సభ. ఆవిడ మళ్ళీ సైగ చేసింది. అతను పెద్ద ఊపిరి తీసుకుని, రంపాన్ని రెండు చేతులా ఎత్తి మెట్ల దగ్గరికి తెచ్చాడు.

మొదటి కోడు వెన్న కోసినట్టు తెగింది. గది నిండా పొట్టు, పొగ. రెండోది తెగింది. మూడోది తెగుతుండగా రంపం గొంతు సన్నబడింది, ఒకసారి ఎగిరిపడింది, కోడు తెగిపడేదాకా ఓపిక పట్టి, ఆగిపోయింది. ట్యాంకు ఎండింది. వీధిలో నిశ్శబ్దం ఎంత గట్టిగా ఉందంటే అందరూ ఒక్కసారి తడబడ్డారు.

"పని దిగారు" అన్నాడు పుర్రచేతి ముసలాయన.

"పని దిగారు" అన్నారందరూ.

అక్కగారు మెట్ల దగ్గరికొచ్చింది. కొంగు నెత్తి మీదకి లాక్కుని, కాసేపు ఆ ఎర్ర రంపం వేడి మూత మీద చెయ్యి పెట్టి నిలబడింది. వేళ్ళు కాలాయి గానీ వెంటనే తీయలేదు.

మంచం కిందికి వచ్చింది. మూడు పొట్టి కోళ్ళు, ఒక పొడుగు కోడు. గోడవార వేస్తే ఎద్దు మోకాళ్ళ మీద కూలినట్టుంది. నాలుగోది కోద్దామంటే పెట్రోలు మిగల్లేదు. పోసి మళ్ళీ మోగిద్దామా అంటే, పని దిగిన మనిషిని మళ్ళీ ఎక్కించకూడదన్నారు. వచ్చినవాళ్ళు భుజాన వేసుకున్న మొండి రంపాల్లో ఏదీ మోగదు. చివరికి వీధి చివర వడ్రంగి చేతిరంపంతో వచ్చి, అందర్నీ ఎగాదిగా చూశాడు.

"ఇంతమంది రంపాలవాళ్ళున్నారు, ఒక్క మంచంకోడు కొయ్యడానికి నేను కావాల్సొచ్చిందా?"

"మాట్లాడకుండా కొయ్యవయ్యా బాబూ" అన్నాడు మైకు. ఆయన అప్పటికే తేరుకుని, ఒక్క గదిలో ఎందుకు, ఇక నుంచి ప్రతి కోతగాడి ఇల్లూ స్మారక మందిరమేనని ప్రకటించేశాడు. దానికీ చప్పట్లు కొట్టి, సంచులు చంకన పెట్టుకుని, ఎవరి మందిరాలకి వాళ్ళు వెళ్ళిపోయారు.

అక్కాతమ్ముళ్ళు మిగిలారు. చూద్దాం రంపపు పొట్టంతా ఊడ్చాడు. పరుపు దులిపి వేశాడు. సంరక్షకుడి పదవి వచ్చిన రోజే పోయినందుకు మొహం కాస్త వేలాడేశాడు గానీ, బల్ల మీద మిగిలిన రెయిన్‌కోటు ముక్కని పారేయకుండా మడిచి పక్కన పెట్టుకోవడం అక్కగారు చూసింది.

"తల ఎటు పెట్టమంటావక్కా?"

"కాళ్ళు తలుపు వైపు. వచ్చేపోయేవాళ్ళు కనిపిస్తారు."

ఆవిడ కొక్కెం కర్ర గోడకి ఆనించి, మెల్లగా కూర్చుంది. మంచం మరీ కిందికైపోయింది. మోకాళ్ళు గడ్డం దగ్గరికొచ్చాయి.

"ఎత్తు సరిపోయిందా?"

"కూర్చోడానికి బ్రహ్మాండంగా ఉందిరా. లేవాలంటేనే ఓ మనిషి కావాలి. రోజూ పొద్దున్నే వచ్చి లేపు."

"ఎన్నింటికి రమ్మంటావు?"

"నాకు మెలకువ వచ్చేసరికి నువ్వు ఎదురుగా ఉండాలి."

అతను నవ్వి, ఇప్పుడే లేపమంటుందేమోనని చెయ్యందించాడు. ఆవిడ ఆ చేతిని పక్కకి నెట్టి, కాళ్ళు రెండూ చాపుకుంది.

"ఉండరా. ఇప్పుడే కదా కూర్చున్నాను."